గ్రేడు అందరూ చూశారు, ప్లేట్‌లెట్లు ఎవరూ చూడలేదు

పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు 46. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, నడుము చుట్టుకొలత 109 సెంటీమీటర్లు. అయిదేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు. పరగడుపున చక్కెర 118, ట్రైగ్లిజరైడ్లు 236, మంచి కొలెస్ట్రాల్‌గా చెప్పుకునే హెచ్‌డీఎల్ 37. ఆ మధ్య కడుపునొప్పి వస్తే స్కానింగ్ చేయించుకున్నారు. నొప్పికి కారణం దొరకలేదు. అది దానంతటదే తగ్గిపోయింది. కానీ రిపోర్టులో 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని వచ్చింది. రక్తపరీక్షల్లో కాలేయ ఎంజైములైన ఏఎల్‌టీ 36, ఏఎస్‌టీ 44, ప్లేట్‌లెట్లు 1,62,000. డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఇప్పుడు చాలామందిలో కనిపిస్తోంది, బరువు తగ్గండి" అని పంపించారు.

ఆమె ఎప్పుడూ మద్యం ముట్టలేదు. ఆమె తండ్రీ ముట్టలేదు. అయినా ఆయన 59వ ఏట సిరోసిస్‌తో, అంటే కాలేయమంతా మచ్చకట్టి గట్టిపడే జబ్బుతో పోయారు. ఆయనది భారీ శరీరం, చక్కెర జబ్బు కూడా ఉండేది. "చాటుగా తాగేవాడేమో" అని బంధువులు గుసగుసలాడుకోవడం ఆమె చెవిన పడింది. ఇప్పుడు తన రిపోర్టు చూస్తే అదే మాట తననూ అంటారని బీరువాలో దాచేశారు. భర్తకు "అంతా బాగానే ఉందట" అని చెప్పారు. అక్కకు మాత్రం కొంచెం తెలుసు. ఆవిడ కాలేయాన్ని శుద్ధి చేస్తుందని ఒక మూలికల పొడి ఇస్తే మూడు నెలలుగా వాడుతున్నారు. కొలెస్ట్రాల్ కోసం డాక్టరు రాసిన స్టాటిన్ మాత్ర కాలేయాన్ని పాడుచేస్తుందని ఎక్కడో చదివి మానేశారు. కిందటి ఏడాది దాదాపు పస్తులుండి రెండున్నర నెలల్లో 12 కిలోలు తగ్గారు. ఏడాది తిరగకముందే 13 కిలోలు పెరిగారు. మరో డాక్టరు బరువు తగ్గడానికి వారానికొకసారి తీసుకునే సూది మొదలుపెడదామన్నారు. మొదలుపెడితే జన్మలో మానలేరని ఒక స్నేహితురాలు భయపెట్టారు.

"నేను 60 కిలోలకు రావాలి. ఆ 34 కిలోలు తలచుకుంటేనే కాళ్లూ చేతులూ ఆడవు. నేనూ నాన్నలాగే అవుతానా? సూది తీసుకోవాలా? స్టాటిన్ మానడం మంచిదేనా? ఇంట్లో చెప్పాలా, వద్దా?" అని అడిగారు. 42 ఏళ్ల తమ్ముడికి కూడా చక్కెర జబ్బు, పెద్ద పొట్ట ఉన్నాయని చివర ఒక్క వాక్యం రాశారు.

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకూ వస్తాను. దానికి ముందు మీరు అడగని ఒక లెక్క ఉంది, అది చేద్దాం. మీ వయసు 46ను ఏఎస్‌టీ 44తో గుణిస్తే 2024. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటే 162. ఏఎల్‌టీ 36కు వర్గమూలం 6. ఆ రెండింటినీ గుణిస్తే 972. ఇప్పుడు 2024ను 972తో భాగించండి. 2.08 వస్తుంది. ఈ అంకెను ఫిబ్-4 అంటారు. కాలేయంలో మచ్చ ముదిరి ఉండే అవకాశం ఎంతో అంచనా వేయడానికి ప్రపంచమంతటా వాడే మొదటి జల్లెడ ఇదే. 1.3 కంటే తక్కువ వస్తే ప్రస్తుతానికి నిశ్చింతగా ఉండవచ్చు. 2.67 దాటితే నేరుగా కాలేయ నిపుణుల దగ్గరకు వెళ్లాలి. మీరు రెండింటికీ మధ్యలో ఉన్నారు.

దీన్ని చూసి హడలిపోకండి. ఈ మధ్య గడిలో పడినవారిలో చాలామందికి తర్వాతి పరీక్షలో ముదిరిన మచ్చ కనబడదు. పైగా మీరు మూడు నెలలుగా ఏమున్నదో తెలియని పొడి తింటున్నారు. ఏఎస్‌టీ పెరగడంలో దాని వాటా ఎంతో ఇప్పుడే చెప్పలేం. కాబట్టి 2.08 అంటే జబ్బు ముదిరిందని కాదు, ఇంకో పరీక్ష బాకీ ఉందని మాత్రమే. నాకు కోపం తెప్పించిన విషయం వేరే ఉంది. ఈ లెక్కకు కావలసినవన్నీ ఆ డాక్టరు చేతిలోని కాగితం మీదే ఉన్నాయి. విడివిడిగా చూస్తే ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉన్నాయి, ఏఎల్‌టీ హద్దులోనే ఉంది, ఏఎస్‌టీ కాస్త పైన ఉంది. కలిపి చూస్తేనే కథ మారుతుంది. కలిపి చూడడానికి ఒక నిమిషం చాలు.

అందరూ పట్టించుకున్న ఆ 'గ్రేడ్ 2' సంగతి చూద్దాం. అల్ట్రాసౌండ్‌లో కాలేయం ఎంత తెల్లగా, ఎంత మెరుస్తూ కనబడుతోందో దాన్నిబట్టి గ్రేడు వేస్తారు. కొవ్వు ఎంత ఉందో అది ఉజ్జాయింపుగా చెబుతుంది, అంతే. మీ భవిష్యత్తును తేల్చేది కొవ్వు కాదు. ఆ కొవ్వు వల్ల కణాలు దెబ్బతిని, వాపు వచ్చి, మానే క్రమంలో కాలేయం లోపల ఎంత మచ్చ కట్టిందన్నదే తేలుస్తుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. మచ్చ లేకపోతే సున్నా, సిరోసిస్ అయితే నాలుగు, ఇలా దానికి వేరే దశలున్నాయి. గ్రేడు నేల మీద పేరుకున్న దుమ్ము అనుకుంటే, ఫైబ్రోసిస్ గోడలో పడిన పగులు. గ్రేడ్ 3 ఉండి మచ్చ అసలు లేనివారున్నారు. గ్రేడ్ 1 ఉండి మచ్చ బాగా ముదిరినవారూ ఉన్నారు. సిరోసిస్ దశకు చేరాక కొన్నిసార్లు కొవ్వే తగ్గిపోయి స్కానింగ్‌లో కాలేయం మెరుగ్గా ఉందన్న భ్రమ కూడా కలుగుతుంది. అందుకే వచ్చే ఏడాది స్కానింగ్‌లో గ్రేడ్ 1 వచ్చిందని సంబరపడి, అక్కడితో ఆగిపోవద్దు.

మీరు చేయించుకోవలసింది కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఎలాస్టోగ్రఫీ. చాలాచోట్ల దాన్ని ఫైబ్రోస్కాన్ అనే పిలుస్తారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. వెళ్లేముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. తిని వెళితే ఉన్నదానికంటే ఎక్కువ గట్టిదనం చూపిస్తుంది. మీ శరీరానికి పెద్ద సైజు ప్రోబ్, అంటే చర్మం మీద ఆనించి కొలిచే పరికరం, వాడాలి, అది అక్కడ ఉందో లేదో ముందే అడగండి. ఇది అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మీరే. మామూలు ప్రోబ్‌తో కొలిస్తే వచ్చిన అంకెను నమ్మలేం.

ఫలితం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. 8 కంటే తక్కువ ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. మీకు చక్కెర, రక్తపోటు, నడుము చుట్టూ కొవ్వు అన్నీ ఉన్నాయి కనుక ఒకటి రెండేళ్లకోసారి మళ్లీ చూసుకుంటూ ఉండాలి. 8 నుంచి 12 మధ్య వస్తే కాలేయ నిపుణులు మరో రక్తపరీక్షో, ఎంఆర్ఐ పద్ధతిలో ఎలాస్టోగ్రఫీయో చేయిస్తారు. 12 దాటితే ముదిరిన మచ్చ ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ మాట రావచ్చు. ఒకవేళ సిరోసిస్ అని తేలితే కాలేయ క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడానికి ఆరు నెలలకోసారి స్కానింగ్ అవసరమవుతుంది. ఈలోగా హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా చేయించండి. అవి చేయించినట్టు మీ ఉత్తరంలో లేదు. కాలేయంలో కొవ్వు కనబడింది కదా అని మిగతా కారణాలను వెతకడం మానేయకూడదు. గత మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూడాలి. పరగడుపు చక్కెర 118 మధుమేహానికి ముందు దశ. హెచ్‌బీఏ1సీ అంతకంటే ఎక్కువ చెప్పినా ఆశ్చర్యం లేదు.

తాగకుండా ఇదెలా వచ్చిందన్న మాట మీ ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. దానికి జవాబు మెటబాలిక్ సిండ్రోమ్‌లో, అంటే కలిసికట్టుగా వచ్చే కొన్ని గడబిడల గుంపులో ఉంది. దాన్ని అయిదు లక్షణాలతో గుర్తిస్తారు: నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, స్త్రీలలో హెచ్‌డీఎల్ 50 కంటే తక్కువ, రక్తపోటు 130/85 లేదా ఆపైన, పరగడుపు చక్కెర 100 లేదా ఆపైన. రక్తపోటుకు మందు వాడుతున్నా ఉన్నట్టే లెక్క. అయిదింటిలో మూడు ఉంటే చాలు. మీకు అయిదూ ఉన్నాయి. వీటన్నిటికీ వెనక ఉన్నది చాలావరకు ఒక్కటే, ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడం. మామూలుగా తిన్న తర్వాత ఇన్సులిన్ పెరిగి, కొవ్వు కణాలు తమ నిల్వలను విడుదల చేయకుండా ఆపుతుంది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు ఆ ఆజ్ఞను లెక్కచేయనప్పుడు కొవ్వు ఆమ్లాలు రాత్రీ పగలూ రక్తంలోకి కారుతూనే ఉంటాయి. అవి చేరేది కాలేయానికే. 2005లో ఊబకాయం, ఫ్యాటీ లివర్ ఉన్నవారి మీద చేసిన ఒక పరిశోధన కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తీసింది. దాదాపు 59 శాతం శరీరంలోని నిల్వల నుంచే వచ్చింది. 26 శాతాన్ని చక్కెరలు, పిండిపదార్థాల నుంచి కాలేయమే తయారుచేసుకుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతం.

మీరు నూనె చుక్క లేకుండా తింటున్నానని రాశారు, అందుకే ఈ లెక్క చెబుతున్నాను. ఆ కష్టమంతా చిన్న వాటా మీద పెడుతున్నారు. అదే రోజుకు రెండుసార్లు పండ్లరసం తాగుతున్నానని కూడా రాశారు, ఆరోగ్యానికి మంచిదని. రసం తీసేటప్పుడు పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. అందులోని ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే సర్దుబాటు చేయాలి. మీ దినచర్యలో ఒక్కటే మార్చమంటే నేను ముందు దాని మీదే చేయి వేస్తాను. పండును పండులాగే తినండి.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఆయన పరీక్షల కాగితాలు లేకుండా ఆయన జబ్బుకు ఇదే కారణమని ఎవరూ ముద్ర వేయలేరు. కానీ మీరు చెప్పిన మనిషి, అంటే భారీ శరీరం, మధుమేహం, మద్యం అలవాటు లేకపోవడం, చివరకు సిరోసిస్, వైద్యులకు బాగా తెలిసిన చిత్రమే. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ అనే పాథాలజిస్టు, ఆయన సహచరులు 20 మంది రోగుల గురించి రాశారు. వారి కాలేయం సూక్ష్మదర్శిని కింద తాగుబోతుల కాలేయంలాగే ఉంది. కానీ వారు తాగేవారు కాదు. ఎక్కువమంది స్థూలకాయులు, పలువురికి మధుమేహం ఉంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో, కారణం తెలియదని రాసి పక్కన పెట్టిన సిరోసిస్ కేసుల్లో చాలా వాటి వెనక ఇదే ఉందని తేలింది. ఇప్పుడు ప్రపంచంలో పెద్దవారిలో సుమారు ముప్పై శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉందని అంచనా. వాళ్లంతా చాటుగా తాగుతున్నారా? బంధువుల గుసగుసకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మీరూ అలాగే అవుతారా అంటే, వారసత్వం కొంత ఉంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులోని ఒక మార్పుకు కాలేయంలో కొవ్వుతో ఉన్న సంబంధాన్ని 2008లో కనుగొన్నారు. అది ఉన్నవారిలో కొవ్వు చేరడమూ, మచ్చ కట్టడమూ ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ కారణంగా సిరోసిస్ వస్తే పిల్లలను మామూలుకంటే జాగ్రత్తగా చూడాలి. మరోవైపు ఈ జబ్బు నడక చాలా నెమ్మది. మచ్చ ఒక దశ పెరగడానికి, వాపు కూడా ఉన్నవారిలో సగటున ఏడేళ్లు, వాపు లేనివారిలో పద్నాలుగేళ్లు పడుతుందని పాత బయాప్సీలను పోల్చి చూసినవారు లెక్కగట్టారు. కొందరిలో వేగంగా నడుస్తుంది, నిజమే. అయినా మీ నాన్నగారికి లేనివి మీకు రెండున్నాయి: ముందే తెలియడం, మచ్చను కత్తి పెట్టకుండా కొలిచే యంత్రం. సిరోసిస్‌కు ముందు దశల్లో మచ్చ వెనక్కి కూడా తగ్గుతుంది.

ఎంత బరువు తగ్గితే తగ్గుతుంది? 60 కిలోలు అన్న అంకెను మీకు ఎవరు చెప్పారో గానీ, దాన్ని కొంతకాలం పక్కన పెట్టండి. కాలేయం అడిగేది అంత కాదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. మీ విషయంలో అది దాదాపు 5 కిలోలు. 7 శాతం దాటితే, అంటే ఆరున్నర కిలోలకు పైన, వాపు తగ్గే అవకాశం పెరుగుతుంది. 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో మచ్చ కూడా వెనక్కి తగ్గడం కనబడింది. 2015లో క్యూబాలో 293 మందికి ఏడాది పాటు ఆహారం, వ్యాయామంలో మార్పులు చేయించి, ముందూ తర్వాతా బయాప్సీ చేసిన పరిశోధనలో ఈ మెట్లు స్పష్టంగా కనిపించాయి. 10 శాతం తగ్గినవారిలో దాదాపు 45 శాతం మందికి మచ్చ తగ్గింది. అయితే ఏడాదిలో అంత తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరే. కాబట్టి మీ లక్ష్యం 34 కిలోలు కాదు, తొమ్మిదిన్నర కిలోలు. అది కూడా తేలికేమీ కాదు.

కిందటి ఏడాది మీరు చేసిన పద్ధతిలో మాత్రం మళ్లీ చేయకండి. పస్తులుండి వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, కండ కూడా కరిగిపోతుంది. కొన్నిసార్లు కాలేయంలో వాపు ఇంకా ఎక్కువవుతుంది. తిరిగి పెరిగిన 13 కిలోలకు మీ మనోబలం లేకపోవడమే కారణమని రాశారు. నేను ఒప్పుకోను. బరువు తగ్గగానే శరీరం ఆకలి హార్మోన్లను పెంచుతుంది, ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది. ఆ ఒత్తిడితో నెలల తరబడి పోరాడి ఓడితే సిగ్గుపడవలసింది ఏముంది? వారానికి అరకిలో నుంచి కిలో మధ్య తగ్గితే చాలు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకు బరువుపని పెట్టడం మొదలుపెట్టండి. తూకం కదలకపోయినా నడకతో కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. బరువు చూసే యంత్రం మీద మీకున్న కోపం నాకు అర్థమైంది, అందుకే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

రాత్రి గురక పెడతానని, పొద్దున తల బరువుగా ఉంటుందని యథాలాపంగా రాశారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో డాక్టరుకు చూపించుకోండి. ఈ జబ్బుల గుంపులో అదీ ఒకటి.

ఇక సూది. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఆహారం, నడకతో ఆరు నెలలు నిజాయితీగా ప్రయత్నించి చూడడం. ఎలాస్టోగ్రఫీలో 8 కంటే తక్కువ వస్తే ఇది తప్పేమీ కాదు, అంత వ్యవధి మీకుంది. మచ్చ ముదిరిందని తేలితే మాత్రం ఆరు నెలలు ఒంటరిగా ప్రయత్నించడం నాకు సమ్మతం కాదు.

రెండోది సూది. ఇలాంటి సూదిమందుల్లో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో, వాపుతో పాటు ఒక మోస్తరు లేదా ముదిరిన మచ్చ ఉన్నవారికి 72 వారాలు ఇచ్చారు. సూది తీసుకున్నవారిలో 63 శాతం మందికి వాపు పోయింది, ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 34 శాతానికి. మచ్చ తగ్గడంలో తేడా ఇంతకంటే చిన్నది, సుమారు 37కు 22. ఇలాంటి రోగులకోసం దీన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 ఆగస్టులో అనుమతించింది. అంతకుముందు 2024 మార్చిలో రెస్మెటిరామ్ అనే మాత్రను అనుమతించింది. అది కాలేయం మీద పనిచేస్తుంది గానీ బరువు తగ్గించదు. మచ్చ లేని వట్టి కొవ్వుకు ఈ మందులను కాలేయం పేరుతో రాయరు. కానీ ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే బీఎంఐ మీకు దాదాపు 37 కాబట్టి బరువు కోసమే సూది తీసుకునే అర్హత మీకుంది. అప్పుడు కాలేయానికీ మేలు జరుగుతుంది.

మీ స్నేహితురాలి మాటలో సగం నిజముంది. మానేసినవారిలో ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఒక పరిశోధన చూపింది. అంటే ఇది రక్తపోటు మాత్రలాంటి దీర్ఘకాలపు మందు. రక్తపోటు మాత్ర జన్మంతా వేసుకోవాలని దాన్ని ఎవరూ మానమనరు, మీ స్నేహితురాలు కూడా అనరు. సంవత్సరాల తరబడి దాని ఖర్చు భరించగలరా లేదా అన్నది మొదలుపెట్టకముందే లెక్క వేసుకోండి. వికారం, వాంతులు, మలబద్ధకం మొదట్లో చాలామందికి వస్తాయి. మోతాదు మెల్లగా పెంచితే సర్దుకుంటాయి. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమంలో వాపు రావచ్చు. మీకు గానీ కుటుంబంలో ఎవరికైనా గానీ మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఇది తీసుకోకూడదు. ఆకలి తగ్గినప్పుడు మాంసకృత్తులు తక్కువై కండ పోతుంది, అందుకే బరువుపని మానకూడదు.

మూడోది బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స. బీఎంఐ 35 దాటినవారికి దీన్ని సిఫారసు చేయవచ్చని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తగ్గిన బరువు నిలవడంలో మిగతా రెండింటికంటే ఇదే గట్టిది. కానీ అది పెద్ద ఆపరేషన్. జీవితాంతం విటమిన్లు, క్రమం తప్పని పరీక్షలు ఉంటాయి. మీరు దీని ప్రస్తావనే తేలేదు కాబట్టి ఎక్కువ చెప్పను, తలుపు ఒకటి ఉందని తెలిస్తే చాలు.

స్టాటిన్ విషయంలో మాత్రం దారులు లేవమ్మా, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాలేయంలో కొవ్వు ఉన్నవారికి స్టాటిన్‌లు సురక్షితమైనవే. సిరోసిస్ వచ్చినా అది విషమించని దశలో ఉన్నవారికి కూడా ఇస్తారు. మొదట్లో ఎంజైములు స్వల్పంగా పెరగడం కొందరిలో కనబడుతుంది, నిజంగా కాలేయం దెబ్బతినడం చాలా అరుదు. ఇంకో నిజం కూడా వినాలి. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో మరణాలకు మొదటి కారణం కాలేయం కాదు, గుండె. మీకు రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు, చక్కెర మూడూ ఉన్నాయి. కాలేయం కోసమని గుండెకు కాపలా తీసేశారు. రాసిన డాక్టరుకు మానేసిన సంగతి దాచకుండా చెప్పి, మళ్లీ మొదలుపెట్టడం గురించి ఈ వారమే మాట్లాడండి.

దీనికి పూర్తిగా ఎదురు పొడి కథ. పరీక్షలు దాటి వచ్చిన మాత్రను అనుమానించి మానేశారు, చీటీ మీద పదార్థాల పేర్లు కూడా లేని డబ్బాను నమ్మి తింటున్నారు. మూలికల ఉత్పత్తుల్లో కొన్ని కాలేయానికి హాని చేస్తాయన్నది వైద్య సాహిత్యంలో స్థిరపడిన విషయం. బరువు తగ్గడానికి అమ్మే గాఢమైన గ్రీన్ టీ సారం, గార్సీనియా, మాత్రలుగా అమ్మే పసుపు సారం వల్ల కామెర్లు వచ్చినవారున్నారు. కాలేయానికి శుద్ధి అక్కర్లేదు, శుద్ధి చేసేది అదే. పొడి ఆపేసి డబ్బాను డాక్టరుకు చూపించండి. కొన్ని వారాలు గడిచాక ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు మళ్లీ చూసి లెక్క మళ్లీ వేయండి. అలాగని అందాకా ఎలాస్టోగ్రఫీని వాయిదా వేయకండి. ఏదో ఒకటి తాగాలనిపిస్తే చక్కెర లేని కాఫీ తాగండి. కాఫీ అలవాటున్నవారిలో మచ్చ తక్కువగా ఉంటున్నట్టు అనేక పరిశీలనల్లో కనబడింది. అది మందేమీ కాదు, మానేయక్కర్లేదని చెప్పడమే నా ఉద్దేశం.

ఇంట్లో చెప్పడం. ఎవరికీ చెప్పకపోతే ఈ దాపరికం మీ సమయాన్ని తింటుంది. పరీక్షకు అబద్ధమాడి వెళ్లాలి, తినే తీరు మార్చుకుంటే కారణం కల్పించాలి, అక్క ఇంకో డబ్బా పంపుతుంది. అందరికీ ఒకేసారి చెబితే ప్రతి భోజనం దగ్గరా మీ కంచంలోకి తొంగిచూసేవాళ్లు తయారవుతారు. పెద్ద శరీరమున్న ఆడవారికి ఈ అనుభవం కొత్త కాదు, మీ ఉత్తరంలోనే దాని తాలూకు గాయాలు కనబడుతున్నాయి. మధ్యలో ఇంకో దారి ఉంది. ముందు మీ భర్తకు ఒక్కరికే చెప్పండి. 'నాకు జబ్బు' అని మొదలుపెట్టకుండా, ఆయన నుంచి ఏం కావాలో దానితో మొదలుపెట్టండి: పరీక్షకు తోడు రావడం, ఇంట్లో తీపి పానీయాలు ఉంచకపోవడం, మీ బరువు గురించి నలుగురిలో మాట్లాడకపోవడం. ఆయన ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. మీరు ఆయన గురించి రాసిన నాలుగు మాటలనుబట్టి కఠినుడిలా మాత్రం అనిపించలేదు. అక్కతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. "డాక్టరు పొడి ఆపమన్నారు" అంటే సరిపోతుంది. బంధువులకు మీరు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. మీ నాన్నగారి పేరు మీద పడ్డ మాట తుడవాలనిపిస్తే మాత్రం, అది మీకు ఓపిక ఉన్న రోజున, మీకు నచ్చిన మనిషితో.

తమ్ముడికి మాత్రం తప్పక చెప్పాలి. ఆయనకూ అదే తండ్రి, అదే పొట్ట, దానికి తోడు చక్కెర జబ్బు. మధుమేహం ఉన్నవారిలో సగానికి పైగా కాలేయంలో కొవ్వు ఉంటుంది, మచ్చ పెరగడం కూడా వారిలోనే ఎక్కువ. చక్కెర జబ్బుకు చికిత్స తీసుకుంటున్న మనిషి దగ్గర ఈమధ్య చేయించిన రక్తపరీక్షల కాగితం ఉండే ఉంటుంది. అందులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు ఉన్నాయేమో చూడమనండి, లేకపోతే ఈసారి పరీక్షల్లో చేర్చమనండి. లెక్క పైన రాశాను కదా. మీ 46 బదులు ఆయన 42 వేసి, మిగతా అంకెలు ఆయనవి తీసుకోండి. 1.3 దాటితే ఇద్దరూ ఒకే రోజున ఎలాస్టోగ్రఫీకి వెళ్లండి.